కస్తూరమ్మ ఘటం మీద నాలుగక్షరాలు

ఈశ్వరికి కోపమొస్తే నోటికన్నా చేతులే ముందు మాట్లాడతాయి. ఆ సాయంత్రం తెలుగు సంఘం గది నుంచి ఇంటికి రాగానే ఎవరితోనూ పలక్కుండా, కటింగ్ మిషన్ మీద కప్పిన పాత చీర ముక్కను లాగి అవతల పారేసింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన భర్త సునీల్ టీ గ్లాసుతో గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఏటైందే?"

"నా అచ్చరాలు ఊడిపోతాయట. ఊడతాయో ఉంటాయో ఈపాలి సూద్దారి."

"ఛోడో నా, ఒగ్గీయే! పెద్దోలతో నీకెందుకే లఫడా?"

ఈశ్వరి ఆ మాట విన్నట్టే లేదు. పట్టిన పట్టు విడవని మనిషి అని టాటానగర్ పక్కనున్న పర్సుడీహ్‌లో ఆమెకి పేరుంది. మంచి పేరని అందరూ అనరు.

జరిగిందేమిటంటే, పర్సుడీహ్‌లో రైల్వే పనికొచ్చి స్థిరపడిన తెలుగువాళ్ళు ఏటేటా నూకాలమ్మ పండగ చేస్తారు. ఇంటికో ఘటం. కొత్త మట్టికుండకి పసుపు పూసి, వేపమండలు కట్టి, పైన దీపం పెట్టి ఆడవాళ్ళు నెత్తిన పెట్టుకుని అమ్మవారి గుడిదాకా నడుస్తారు. ఏ ఇంటి ఘటమో తెలియడానికి కుండ మీద ఇంటి యజమాని పేరు రాయడం ఇక్కడి ఆనవాయితీ. యజమాని అంటే మగవాడు. మోసేది పెళ్ళాం, పేరు మొగుడిది. ఇది వింతగా ఉందని ఇన్నేళ్ళలో ఎవరికీ తోచలేదు, లేక తోచినా నోరు విప్పలేదు.

ఒకప్పుడు ఆ పేర్లు రాసింది ఈశ్వరి తండ్రి పోలయ్య. టాటానగర్ యార్డులో వ్యాగన్ల మీద నంబర్లు వేసే పెయింటరు. రేకులో అక్షరాలు కత్తిరించి, ఆ రేకును వ్యాగన్‌కి ఆనించి రంగు అద్దేవాడు. కూతుర్ని పక్కన కూచోబెట్టుకుని ఇంటి గోడ మీద సుద్దముక్కతో రాయించేవాడు గానీ, బ్రష్షు పట్టుకుని యార్డుకి వస్తానంటే మాత్రం నవ్వేవాడు. ఆ నవ్వు మీద ఈశ్వరికి ఇప్పటికీ కోపమే. తండ్రి పోయాక, భాలుబాసా బజారులో మూతపడ్డ ఒక గిఫ్టు షాపు నుంచి ఈ కటింగ్ మిషన్ తెచ్చుకుంది. చూడ్డానికి ప్రింటరులా ఉంటుంది. లోపల సూదిమొనంత బ్లేడు. కంప్యూటర్లో ఏ ఆకారం గీస్తే దాన్ని స్టిక్కరు షీటు మీద కోసిపెడుతుంది. హెల్మెట్ల మీద, టిఫిన్ డబ్బాల మీద, బైకుల మీద పేర్లు అంటించి ఆమె నాలుగేళ్ళుగా బతుకుతోంది.

కిందటేడు ఘటాల మీద పేర్లకి తనే ముందుకొచ్చింది. ముప్పై కుండలకి ముప్పై స్టిక్కర్లు. పసుపు పూశాక అంటించింది. పసుపు మీద ఏ జిగురు నిలుస్తుంది? ఊరేగింపు బజారు దాటకముందే అక్షరాలు ఒకటొకటే రాలడం మొదలెట్టాయి. ముందు వత్తులు, తర్వాత గుణింతాలు. గుడి చేరేసరికి సగం మంది యజమానులకి పేర్లే లేవు. జనం కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆ ఏడాదంతా ఈశ్వరిని "రాలుడు మిషను" అని పిలిచారు.

కాబట్టి ఈ ఏడు సంఘం సెక్రటరీ గణపతిరావు, రైల్వేలో గుమస్తాగా రిటైరైన మనిషి, మీటింగులో తేల్చి చెప్పేశాడు. యజమానుల లిస్టు ఇంగ్లీషులో టైపు చేసి, పేర్లు లామినేషన్ చేయించి, కుండ మెడకి ట్యాగులు కడతామన్నాడు. తప్పు ఈశ్వరిదే, కాదనడానికి లేదు.

అప్పుడు వెనకనుంచి కస్తూరమ్మ లేచింది. గ్యాంగ్‌మన్ కూర్మారావు భార్య. ఆయన పోయి ఇరవై రెండేళ్ళు. ఆ ఇరవై రెండేళ్ళూ ఆమె మోసిన ఘటం మీద ఆయన పేరే.

"బావూ, ఈ ఏడు మా కుండకి నా పేరెట్టండి."

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"అదేటమ్మా, ఆనవాయితీ అలగ లేదు కదా" అన్నాడు గణపతిరావు. "కూర్మారావు పేరొద్దంటే మీ వోడు సౌరభ్ పేరు ఏసుకో."

"ఆడు గోవిందపురం కంపెనీలో బండ్లు బిగిత్తాడు. ఏనాడైనా కుండ ముట్టుకున్నాడేటి? నలబై ఏళ్ళుగా మోసింది నా నెత్తి. మోకాలు అరిగిపోయిందని డాక్టరు సెప్పేడు. వొచ్చే ఏడు మొయ్యలేను. ఇదే ఆకరు."

గణపతిరావు చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం, అంతే. ఏదో సర్దిచెప్పాలని, నవ్వుతూ, "అయినా నీ పేరు ఒత్తులతో నిండిపోయుంది కస్తూరమ్మా. ఈశ్వరి మిషన్లో ఎడితే అమ్మోరి కాడికి ఒక్క అచ్చరమూ మిగల్దు" అన్నాడు.

అందరూ నవ్వారు. ముసలామె తల దించుకుని కూచుంది. ఆ దించుకోవడం ఈశ్వరి కళ్ళల్లో ముల్లులా దిగింది. ఇంటికొచ్చి చీర ముక్క విసిరేసింది అందుకే.

మర్నాడు పొద్దున్నే కస్తూరమ్మ ఇంటికెళ్ళి, "అత్తా, నీ పేరు నేనేత్తాను. స్టిక్కరు కాదు, మా నాన్న రేకులాటిది. గట్టి షీటేదైనా ఉందా?" అని అడిగింది.

కస్తూరమ్మ మంచం కింద వెతికి ఆసుపత్రి కవరు తీసింది. "నా మోకాలి ఎక్సురే ఉంది. పనికొత్తాదేటి?"

పనికొచ్చింది. రేకులాగే అక్షరాల ఆకారంలో కన్నాలు కోసి, పసుపు ఆరిన కుండ మీద ఆనించి, కన్నాల్లోంచి తడి కుంకుమ అద్దాలన్నది ఈశ్వరి ఆలోచన. కుంకుమ ఊడదు. ఊడటానికి అక్కడ అంటించింది ఏదీ ఉండదు.

ఆలోచన సులువే, మిషనే మొండిది. పేరు టైపు చేసింది. అక్షరాలు మరీ దగ్గరగా ఉంటే మధ్యలో సన్నటి ప్లాస్టిక్ పోగు మిగిలి చిరిగిపోతుంది. అందుకని ఎడం పెంచింది. పెంచగానే కంప్యూటరు తన తెలివి చూపించింది. "స్తూ" కింద ఉండాల్సిన తావత్తు తల్లి అక్షరాన్ని వదిలి "ర" కిందికి పోయి నిలబడింది. మకారం వత్తు చివర ఎక్కడో ఒంటరిగా వేలాడింది. ఇంగ్లీషువాడి అక్షరాలు రైలు పెట్టెల్లా వరసగా నడుస్తాయి. మనవి చంకన పిల్లని, కాళ్ళదగ్గర పిల్లని పెట్టుకుని నడిచే తల్లులు. ఆ సంగతి మిషను చేసినవాడికి ఎవరూ చెప్పలేదు.

ఈశ్వరి పేరు మొత్తాన్నీ విడగొట్టింది. ఏ తల్లి పిల్లని ఆ తల్లి దగ్గరికి మౌసుతో జరిపింది. వత్తు అక్షరానికి ఆనేటట్టు పెట్టి, రెండింటినీ ఒకే ఆకారంగా అతికే మీట నొక్కింది. దాని పేరు వెల్డ్. ఫ్యాక్టరీల్లో ఇనుము అతికి బతికే ఈ ఊళ్ళో వెల్డంటే ఏమిటో పాలు తాగే పిల్లలకీ తెలుసు. కిందటేడు ఆ ఒక్క మీట నొక్కకపోవడం వల్లే, గీతమీద గీత పడ్డచోటల్లా బ్లేడు కోసేసి వత్తులు ముందే తెగి కూర్చున్నాయి. పసుపుది సగం తప్పైతే మిగతా సగం అది. తన తప్పు తనకి ఇంత స్పష్టంగా కనబడినందుకు ఈశ్వరికి సిగ్గుకన్నా పౌరుషమే ఎక్కువ వచ్చింది.

మొదటిసారి కోసి షీటు పైకెత్తితే "ర" నడిమి గుండ్రటి బిళ్ళ ఊడి ఒళ్ళో పడింది. క, మ పొట్టల్లో ముక్కలూ రాలాయి. ఇలా అద్దితే అక్షరాల బదులు కుంకుమ ముద్దలు పడతాయి. తండ్రి వ్యాగన్ రేకుల్లో సున్నాకి, ఎనిమిదికి సన్నటి కట్లు వదిలేవాడు, లోపలి ముక్క పడిపోకుండా. ఈశ్వరి కూడా ప్రతి పొట్టకీ రెండేసి కట్లు గీసింది. పైన పెడితే తలకట్టు విరిగినట్టుంది. కింద పెడితే వత్తుకి తగిలింది. పక్కలకి పెడితే చదివే కన్ను వాటిని గమనించకుండా దాటి వెళ్ళిపోయింది.

ఇక ఎడం. నాలుగక్షరాల మధ్యా సమానంగా కొలిచి పెట్టింది. చూస్తే "క"కీ "స్తూ"కీ ఊపిరాడటం లేదు, "ర"కీ "మ్మ"కీ మధ్య మాత్రం వీధంత ఖాళీ. కొలతలన్నీ సరే, పేరే సరిగా లేదు. చిన్నప్పుడు గోడ దగ్గర తండ్రి అన్న మాట చెవిలో మెదిలింది. "స్కేలుతో కొలవకే గుంటా. రెండచ్చరాల మజ్జిన నీళ్ళు పోత్తే ఎన్ని పడతాయో అన్నిచోట్లా అన్నే పట్టాల." స్కేలు పక్కన పడేసింది. గుండ్రాలు ఎదురెదురు పడ్డచోట దగ్గరికి నెట్టింది, వత్తులు అడ్డొచ్చినచోట దూరం జరిపింది. కళ్ళు మూసి తెరిచినప్పుడు అక్షరాలు కాక పేరు కనబడేదాకా జరుపుతూనే ఉంది. వంట ఆ పూట సునీల్ చేసుకున్నాడు.

పండగ ముందురోజు శనివారం, కస్తూరమ్మ ఇంట్లో పాత కుండ మీద పెట్టి చూస్తే కొత్త తంటా. కుండ గుండ్రం, ఎక్సురే బిరుసు. కొసలు పైకి లేచి కుంకుమ కిందికి జారింది. ఈశ్వరి కత్తెర తీసుకుని అక్షరానికీ అక్షరానికీ నడుమ పైనుంచి ఓ చీలిక, కింద నుంచి ఓ చీలిక పెట్టింది. షీటు కుండని కావలించుకుంది.

కస్తూరమ్మ చదువు రానిది. కన్నాల వెంట వేలు పెట్టి మెల్లగా తడిమింది.

"ఇదంతా నా పేరేటి?"

"అంతా నీదే అత్తా."

"మజ్జిని ఈ అడ్డుకట్టలేటి మరి?"

"అవి లేపోతే నీ పేరు కూలిపోద్ది."

"ఉంచీ ఐతే" అంది కస్తూరమ్మ.

ఆదివారం పొద్దున ఘటాలన్నీ వీధిలో వరసగా ఉన్నాయి, ఒక్కోదాని మెడకీ ఒక ట్యాగు. కస్తూరమ్మ కుండ మీద మాత్రం పచ్చటి పసుపులో ఎర్రగా నాలుగక్షరాలు. గణపతిరావు కూర్మారావు పేరున్న ట్యాగు పట్టుకుని వచ్చి, చూసి, భుజం మీది తువ్వాలు తీశాడు.

"ఇదేటిది? తుడిసీండి. ఎవులు సెప్పీరు రాయమని?"

"నేనే రాసేను" అంది ఈశ్వరి, కుండకీ ఆయనకీ మధ్య నిలబడి. "మీ లిస్టుకి నేను జవాబు సెప్పక్కర్లేదు. ఆ కుండ మీ లిస్టు మోసిందా, ఈవిడ మోసిందా?"

"అమ్మోరి పనిలో పంతాలేటే?"

"పంతమే. ఏటి సేత్తారు?"

ఆయన పక్కనుంచి చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చేరేలోపే కస్తూరమ్మ అరిగిన మోకాలి మీద ఒంగి, ఒక్క ఊపున ఘటాన్ని నెత్తికెత్తుకుంది. నెత్తికెక్కిన ఘటాన్ని అమ్మవారి ముందు దించేదాకా ఎవరూ తాకకూడదు. ఎంత సెక్రటరీ అయినా తాకకూడదు. గణపతిరావు చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. డప్పులు మొదలయ్యాయి. కస్తూరమ్మ నడిచింది, కుంటుతూ, వరసలో అందరికన్నా ముందు.

గుళ్ళో ఘటాలు దించాక ఆడవాళ్ళు ఓ పక్కకి వెళ్ళి కూచుంటారు. పూజారి మైకు పట్టుకుని ఒక్కో కుండ దగ్గరా ఆగి పేరు పిలుస్తాడు. ఆ ఇంటావిడ వెళ్ళి దీపం అందుకుంటుంది. అలా ట్యాగులు చదువుకుంటూ వచ్చి కస్తూరమ్మ కుండ ముందు ఆగాడు. ఈశ్వరి మెడ చాచి చూసింది. కట్లు కనబడుతున్నాయా? వత్తులు కలిశాయా? ఈయన నసిగితే చాలు, ఊరంతా మళ్ళీ నవ్వుతుంది.

"కస్తూరమ్మ!" అన్నాడు పూజారి, ఎక్కడా తడుముకోకుండా.

ఎవరూ లేవలేదు.

"కస్తూరమ్మ!"

"ఆ పేరు లిస్టులో నేదు" అన్నాడు గణపతిరావు, కాగితం పైకెత్తి.

ఈశ్వరి పక్కకి చూసింది. కస్తూరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, అందరితోపాటు తనూ ఆ మనిషి ఎవరా అని అటూ ఇటూ చూస్తోంది. కూర్మారావు పెళ్ళాం అని నలభై ఏళ్ళు పిలిపించుకున్న చెవులవి. మైకులో ఆ పేరు ఎన్నడూ వినలేదు.

"అత్తా! నిన్నే!"

"నన్నేటి?"

"నిన్నే. నీ పేరే సదివీడు."

ముసలామె కళ్ళు నిండిపోయాయి. నేల మీద చెయ్యి ఆనించి లేచి నిలబడింది. దీపం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. గణపతిరావు చేతిలోని కాగితాన్ని ఒకసారి చూసి, మొహం తిప్పుకుని, గుడంతా వినబడేలా అంది.

"ఇక్కడున్నాను బావూ. ఇంకోపాలి పిలు."

పూజారి మళ్ళీ పిలిచాడు.