నూరు గుర్రాలు, రెండెద్దులు, నేను తిప్పిన స్క్రూ

“మే, వాడు వచ్చినాక బండి బేగా ఆపొద్దని చెప్పు. టర్బో చల్లారల్ల.”

“చెప్తాలేప్పా. నువ్వు పండుకో.”

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. నంద్యాల ఆసుపత్రి మంచం మీద ఉండి కూడా ఆయన దిగులు నా గురించి కాదు, మా మరిది తెస్తున్న కారు గురించి. దూరం తోలిన టర్బో బండిని ఆగీ ఆగగానే తాళం తిప్పి ఆపకూడదట, రెండు నిమిషాలు ఇంజన్ను ఊరికే తిరగనివ్వాలట. (ఆ మాటకు నవ్వాలో ఏడవాలో తెలియక ఆ పొద్దు రెండూ చేశాను.) ఆయన పోయి మూడేళ్లయింది. ఇప్పుడు తలచుకుంటే నవ్వే ముందు వస్తుంది. నా చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది కాబట్టి నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది.

మేము వయసులో ఉన్న రోజుల్లో మా రుద్రవరం వైపు పల్లెల్లో బలానికి ఒకటే కొలత, బండ. పెద్ద రాతిబండకు మోకు కట్టి ఎద్దుల చేత లాగిస్తారు, ఎంత దూరం లాగితే అంత పేరు. మా మామ దగ్గర ఒక తెల్ల ఎద్దుల జత ఉండేది. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఏ తిరునాళ్లకు తోలుకుపోయినా గెలిచి వచ్చేవి. మా ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగేది మా కోసం కాదు, వాటి ఉలవల కోసం. వాటికి పెట్టాకే మాకు కాఫీ. అలాంటి ఇంటికి మా ఆయన ఒక పాత డీజిల్ కారు తెచ్చాడు. టర్బో కారు, నూరు గుర్రాల బలం అని ఊరంతా చెప్పుకొచ్చాడు. మామ దాని చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తన్ని, మేత లేకుండా మూడు దినాలు నిలబడి ఉండేదాన్ని తాను నమ్మనన్నాడు.

నాకు మాత్రం ఆ కారంటే ప్రాణం. మా అమ్మ పగిడ్యాలలో ఒంటరిగా ఉండేది. ఆమెను చూడాలంటే మూడు బస్సులు మారాలి. చేరేసరికి పొద్దు వాలేది, ముఖం చూసి రెండు మాటలు మాట్లాడేసరికి మళ్లీ బస్సు వేళయ్యేది. కారుంటే పొద్దున పోయి, అమ్మతో అన్నం తిని, దీపాల వేళకు ఇల్లు చేరొచ్చు. నా లెక్కలో ఆ నూరు గుర్రాలూ పగిడ్యాల దారికే.

ఒక దినం తండ్రీకొడుకులకు మాట పెరిగింది. మామ తేల్చేశాడు. “నా ఎద్దులు లాగే బండను నీ కారుతో లాగించు. వాటికంటే ఒక్క అడుగు ఎక్కువ లాగినా ఉంచుకో. లేదంటే వారంలో ఇది ఇంట్లో ఉండకూడదు.” మా ఆయన వెనకా ముందూ చూడకుండా సరేనన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడే ఇద్దరం నంద్యాల పోయాం. అక్కడ మేము ‘పొగ బాయి’ అని పిలుచుకునే మెకానిక్ ఉండేవాడు. పొగ రంగు చూసి జబ్బు చెప్పేవాడు. గుర్రాలు పెంచాలని మా ఆయన అడిగితే, నూటిరవై దాకా తెస్తానని బానెట్ ఎత్తాడు. టర్బో అంటే ఏమిటో నాకు చెప్పింది ఆయనే. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం బయటి గాలిని లోపలికి గట్టిగా తోస్తుంది, గాలి ఎక్కువైతే డీజిల్ బాగా మండుతుంది. నేను వెంటనే, “అయితే ఊదుగొట్టమేగా బాయీ. పొయ్యి పొగే పొయ్యిని ఊదుతుంది, అంతేగా” అన్నాను. ఆయన స్పానర్ పక్కన పెట్టి, ఇన్నేళ్లలో ఒక్క సెకండ్ హ్యాండ్ బేరగానికీ ఇంత తొందరగా అర్థం కాలేదన్నాడు. (అదిగో, ఆ పొగడ్తే నా కొంప ముంచింది.) గాలి కొంచెం ఎక్కువసేపు నిలిచేలా ఒక కడ్డీని సరిచేశాడు, డీజిల్ పంపు మీద ఒక నట్టు వదులు చేసి స్క్రూను అర చుట్టు తిప్పి మళ్లీ బిగించాడు. “ఇంతకు మించొద్దన్నా. గాలి చాలకుండా డీజిల్ పోస్తే బలం రాదు, మసే వస్తాది” అని మరీ మరీ చెప్పాడు.

తిరుగు ప్రయాణంలో ఆళ్లగడ్డ రోడ్డు మీద కారు ఒక్కసారిగా ముందుకు దూకింది. ముందు పోతున్న బస్సు చూస్తుండగానే వెనకబడింది. మా ఆయన ఈల వేశాడు. పెళ్లయిన ఇన్నాళ్లలో ఆయన ఈల వేయగా వినడం అదే మొదలు. నేను తలుపు పిడి పట్టుకుని పగిడ్యాల చేరిపోయినంత సంబరపడ్డాను.

పందెం పొద్దున మా ఆయన స్నానానికి పోయాడు. నాకు మనసు నిలవలేదు. పులుసులో కారం చాలదనిపిస్తే ఇంకొంచెం వేయమా? కారులోని స్పానర్ తీసి, బాయి చేసినట్టే నట్టు వదులు చేసి, స్క్రూను ఒక నిండు చుట్టు తిప్పి బిగించాను. అర చుట్టుకే బస్సును దాటితే నిండు చుట్టుకు బండ ఎగిరి పడాలని నా లెక్క.

మా దొడ్డి వెనక నల్లరేగడి చేలో ఊరంతా చేరింది. అంతా తిరునాళ్లకు వచ్చినట్టు తెల్లబట్టల్లో ఉన్నారు. ముందు ఎద్దులు లాగాయి, చేను ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. తర్వాత బండను కారు వెనక కట్టారు. మా ఆయన దేవునికి దండం పెట్టుకుని తొక్కాడు. బండ కదిలింది, ఒక మంచం పొడవు జరిగింది. ఆ వెంటనే కారు వెనక నుంచి నల్లటి పొగ లేచింది. అలాంటి పొగ నేను ఇటుక బట్టీలో కూడా చూడలేదు. చక్రాలు ఉన్నచోటే తిరిగి మట్టిలో కూరుకుపోయాయి. క్లచ్చి మాడిన కంపు వచ్చింది, కారు ఆగిపోయింది. పొగ పలచబడేసరికి మసిబట్టిన తెల్లబట్టల్లో కళ్లు మాత్రమే మెరుస్తున్న మనుషులు. మామ మీసాలు ఇరవై ఏళ్ల వయసు తగ్గినట్టు నల్లబడ్డాయి. ఆయన నిదానంగా ముఖం తుడుచుకుని అన్నాడు: “రేయ్, గుర్రాలు నూరున్నా కాళ్లు నాలుగేనంట్రా.”

ఊరంతా పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం కళ్లలో నీళ్లు తిరిగాయి. మా అమ్మ మళ్లీ మూడు బస్సుల దూరం వెళ్లిపోయింది.

కారును ఇంటికి చేర్చింది ఆ ఎద్దులే. మా ఆయన సిగ్గుతో లోపల కూర్చోనన్నాడు, స్టీరింగ్ నన్ను పట్టుకోమన్నారు. జీవితంలో మొదటిసారి కారు తోలాను, అదీ రెండెద్దుల వెనక. గట్టు మలుపులో స్టీరింగ్ తిప్పితే అంత పెద్ద బండి నా చేతి మాట విని తిరిగింది. ఏడుపు ఎక్కడికి పోయిందో, మసి ముఖంతోనే పళ్లన్నీ బయటపెట్టి నవ్వాను. ముందు నడుస్తున్న మామ వెనక్కి తిరిగి చూశాడు. చూసి, ఎద్దులను ఆపాడు.

“ఏం పిల్లా, అంత బాగుందా?”

“బాగుంది మామా. పగిడ్యాల దాకా ఇట్లే పోవాలనుంది.”

ఆయన ఎద్దు మెడ నిమిరాడు. తర్వాత కొడుకుతో, “ఉండనీరా. నా ఎద్దులకు ఏటా ఓడిపోయేదానికి ఒకటుండల్ల గదా” అన్నాడు.

క్లచ్చి మార్చడానికి వచ్చిన పొగ బాయి పంపు వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు. మా ఆయన తిట్టిన తిట్లన్నీ ఓపికగా విని, “నా చెయ్యే ఎక్కువ తిరిగిందన్నా” అంటూ స్క్రూను వెనక్కి తిప్పేశాడు. మా ఆయన పోయేదాకా ఆ తప్పు బాయిదే అనుకున్నాడు. చెబుదామని ఎన్నిసార్లో నోటి దాకా వచ్చింది. తిడతాడని కాదు, నవ్వుతాడని చెప్పలేదు. నవ్వనిచ్చి ఉండాల్సింది.

ఆ వారమే ముగ్గురం పగిడ్యాల పోయాం. మా అమ్మ వాకిట్లోకి వచ్చి, కారును చూడకుండా నన్నే చూసింది. మామ ఆమె పెట్టిన పూర్ణం ఒలిగలు నాలుగు తిన్నాడు. ఇప్పుడు నాకు మోకాళ్లు పట్టేసి రెండు మెట్లెక్కాలన్నా ఆయాసం. ఆ స్పానర్ పట్టుకున్న పిల్ల ఎవరో, ఆ ధైర్యం ఎక్కడి నుంచి తెచ్చుకుందో. ఎదురైతే ముందు చెవి మెలేసి, తర్వాత ఆమె పక్కన కూర్చుని ఎక్కడికైనా సరే పోదాం పద అంటాను.

ఇంక చాలు పాపా, చెయ్యి నొచ్చింటాది. యాడన్నా నువ్వు సొంతంగా కలిపినావేమో, మొదట్నించి చదువు, వింటా.