వంటాయన ముక్కు, నా సాక్ష్యం

ఆపరేషన్ థియేటర్‌లో నేను కత్తెర అంటే కత్తెర వస్తుంది. కోర్టులో నేనేమన్నా "అవునా, కాదా, అంతే చెప్పండి" అంటారు. తలకి దెబ్బ తగిలిన కేసుల్లో సాక్ష్యం చెప్పడానికి జంషెడ్‌పూర్ కోర్టుకి వెళ్ళడం మొదలుపెట్టాక నాలో వినయం పెరిగిందని మా ఆవిడ అంటుంది. ఇంకాస్త తరచుగా వెళ్ళమని కూడా అంటుంది.

అలా వెళ్ళిన కేసుల్లో వంటాయనది ఒకటి. బిర్సానగర్‌లో ఉండే శ్రీకాకుళం మనిషి. అక్కడి మన తెలుగువాళ్ళ గుడిలో ప్రసాదాలన్నీ ఆయన చేతివే. ఆదిత్యపూర్ నుంచి వస్తుంటే ఆయన ఎక్కిన ఆటోని లారీ గుద్దింది. నుదురు పగిలింది, అతుక్కుంది. మాట బాగుంది, నడక బాగుంది, స్కాను మరీ బాగుంది. వాసన ఒక్కటే పోయింది. ముక్కు పైన జల్లెడలాంటి ఎముకలోంచి దిగే సన్నటి నరాలు దెబ్బకి తెగిపోతే స్కానులో కనబడకపోవచ్చు. అవి నేను కుట్టగలిగినవీ కావు. కనక మిగిలింది సాక్ష్యం. నన్ను నమ్మకపోతే ఆయనకి నష్టపరిహారం రాకపోవడమే కాదు, ఊళ్ళో దొంగ నాటకమాడాడన్న పేరు కూడా మిగులుతుంది.

బీమా కంపెనీ వకీలు జడ్జిగారి అనుమతి తీసుకుని, కోటు జేబులోంచి అమ్మోనియా సీసా తీసి, మూత విప్పి వంటాయన ముక్కు కింద పెట్టాడు. వంటాయన ఎగిరిపడ్డాడు. కళ్ళంట నీళ్ళు.

"దేఖియే హుజూర్! చూడండి, వాసన తెలుస్తోంది!" అన్నాడు వకీలు.

వెనక బెంచీలోంచి వంటాయన భార్య నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మో, ఏటి సేసావయ్యా! కాసేపు కదలకుండా కూకోలేకపోయావా!"

నేను లేచాను. "అది వాసన కాదండీ, మంట. ఉల్లిపాయ కోస్తే కళ్ళు మండినట్టు. మంట మోసే నరం వేరు, అది క్షేమం. నాటకమాడేవాడైతే దీనికీ చలించకుండా కూర్చునేవాడు."

వకీలు సీసాకి మూత పెట్టాడు. ఆ పని చాలా శ్రద్ధగా చేశాడు. తర్వాత హిందీలో, "వాసన లేకపోతేనేం, నాలుక ఉందిగా. రుచి చూసి వండుకోవచ్చు" అన్నాడు.

వంటాయన హిందీలోనే మొదలెట్టి, కోపం రాగానే తెలుగులోకి దిగిపోయాడు. "గుడి వంట బాబూ! దేవుడికి పెట్టకుండా నోట్లో ఏసుకుంతామేటి? ఎంగిలైపోదా? పులిహోర పులుసు ఉడుకుతుంటే ఉప్పు సాలిందో లేదో నా ముక్కే సెప్పేది!"

తెలుగు తెలిసిన నన్నే హిందీలో చెప్పమన్నారు. కోర్టు నన్ను అడ్డు తగలకుండా మాట్లాడనిచ్చింది అప్పుడే. ఉప్పుకి వాసన ఉండదని నా చదువు. అయితే అనువాదకుడు సొంత మాటలు కలపకూడదు కదా, ఊరుకున్నాను.

జడ్జిగారు కలం కింద పెట్టారు. "మా ఇంట్లో ఛఠ్ పండగ ప్రసాదమూ అంతే. సూర్యుడికి అర్ఘ్యం ఇవ్వకముందు మా అమ్మ చెయ్యి కూడా నాకనిచ్చేది కాదు. మీ ఇంట్లో ఎలా, వకీల్ సాబ్?"

వకీలు సీసాని కోటు జేబులో వేసుకుని, "మా ఇంట్లోనూ అంతే హుజూర్" అని కూర్చున్నాడు.

వంటాయన గెలిచాడు. ఆ తర్వాత గుడికి వెళ్తే వంటశాలలో ఆయన గరిటె తిప్పుతున్నాడు, భార్య బాణలి మీదికి వంగి వాసన చూస్తోంది.

"ఉప్పు సాల్లేదు."

"నీ ముక్కుకి ఎప్పుడూ సాల్దే! ఆ బాబుని సూడమను."

నేను వంగి, డాక్టరుకి తగిన గాంభీర్యంతో పీల్చి, సరిపోయిందన్నాను. నైవేద్యం అయ్యాక నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది.

ఆవిడ నా ముఖం చూసి మొగుడితో అంది: "బాబుగారిక్కూడా ఓ కేసెయ్యాల. సాచ్చికం నువ్వు సెప్పు."