పద్నాలుగో నంబరు చీటీ

జనవరి వచ్చిందంటే మా ఊళ్లో యాభయ్యేళ్లవాళ్లందరికీ బడిబట్టల మీద మోజు పుడుతుంది. తెల్ల చొక్కా లేదా జాకెట్టు, ఆకుపచ్చ లుంగీ; మా బర్మాలో లుంగీ ఆడా మగా అందరిదీ. లుంగీతో నాకు పేచీ లేదు, పొట్ట ఎంత పెరిగినా చుట్టుకుపోతుంది. జాకెట్లతోనే నా చావు. "పోయినేడు నువ్వు కుట్టిందే న్యో, ఎందుకో బిగుతైపోయింది" అంటారు, తప్పు బట్టదన్నట్టు. "బట్ట అలాగే ఉందమ్మా, నువ్వే ఉండాల్సినట్టు లేవు" అంటాను. న్యో అంటే నేనే, ముప్పయ్యేళ్లుగా ఇదే వీధిలో కుడుతున్నాను. మొహమాటానికైనా అబద్ధం చెప్పని మనిషినని నాకు పేరు. ఆ పేరు సంగతి తర్వాత చెబుతాను.

ఈ బట్టల హడావిడంతా ఒక్క ఆదివారం కోసం. ఆ పొద్దున బడి హాల్లో పాత విద్యార్థులమంతా చాపల మీద మోకాళ్లు వంచి కూర్చుంటాం. మా గురువులు వేదిక మీద కుర్చీల్లో ఉంటారు. ముందు కూర్చున్న ఒకడు మైకులో చెబితే మేమంతా వెనక చెబుతాం: ఒంటితో, నోటితో, మనసుతో మీపట్ల ఏ తప్పు చేసినా మన్నించండి అని. మూడుసార్లు నేలకి నుదురు ఆనిస్తాం. వాళ్లు దీవిస్తారు. తర్వాత చేపల పులుసులో సేమ్యా వేసిన మొహింగా తిని, ఎవరికి జుట్టు ఊడిందో ఎవరికి రంగు వేసుకోవడం రాలేదో చెప్పుకుని నవ్వుకుంటాం.

ప్రతి కుర్చీకీ పేరు రాసిన కాగితం అంటిస్తారు. పద్ధెనిమిదేళ్లుగా అందులో ఒక కుర్చీ ఖాళీ. అది సయామ న్వే యిన్‌ది. సయామ అంటే మా భాషలో పంతులమ్మ, సయా అంటే పంతులు. ఏటా మోకాళ్ల నొప్పులని కబురు పంపేది. సంఘం పెద్ద తున్ లిన్ ఏటా ఆ కుర్చీ వేయించేవాడు.

ఆమె పదో తరగతికి భూగోళం చెప్పేది. రేవులో పడవ టికెట్లిచ్చే గుమాస్తా కూతురు. పెళ్లి చేసుకోలేదు. అక్కతో కలిసి ఉండేది, అక్క పోయాక ఒక్కతే. పొద్దున సుద్దముక్కలు ఎన్ని తెచ్చిందో సాయంత్రం వాటి తునకలు కూడా లెక్కగా డబ్బాలో వేసేది. ఆమె హాజరు పట్టీలో కొట్టివేత అంటూ ఉండదు. పట్టీకి ప్రతి జూన్‌లోనూ గోధుమరంగు కాగితంతో అట్ట వేసి, మార్చి పరీక్షలయ్యాక ఏప్రిల్‌లో ఆ అట్ట తీసేసేది. మా తర్వాతి ఏళ్లలో చదివినవాళ్లు ఆమెకి చీటీల సయామ అని పేరు పెట్టారు. ఏ కాగితం తెచ్చిచ్చినా, సెలవు చీటీ అయినా సరే, "ఫలానా వారి నుంచి ఫలానా కాగితం నాకు ముట్టింది" అని తేదీ వేసి సంతకం పెట్టి ఇచ్చేది. మా తమ్ముడి పెట్టెలో అలాంటివి ఒక కట్ట ఉండేది. ఇంట్లో అందరం తెగ నవ్వుకునేవాళ్లం. మా తరగతికి మాత్రం ఆమె ఎప్పుడూ చీటీలివ్వలేదు. ఎందుకో నేను ఆలోచించనే లేదు.

ఈ ఏడు ఆదివారానికి మూడు రోజుల ముందు సయామ నా కొట్టుకి వచ్చింది. డెబ్బై తొమ్మిదేళ్లు. గొడుగు మూలన ఆనించి, "జాకెట్టుకి కొలత తీసుకో" అంది.

"మోకాళ్లు తగ్గాయా సయామా?"

"తగ్గలేదు. కొలత తియ్యి."

టేపు ఆమె భుజం మీద వేశాను.

"మీ తరగతి సో పాయింగ్ వస్తున్నాడటగా" అంది.

"వస్తున్నాడు. వాళ్ల నాన్నని చూసుకోడానికి దక్షిణాన మెయిక్ రేవు నుంచి వచ్చేసి మూడు నెలలైంది. మైకులో మొక్కు చెప్పించేది కూడా వాడే. విహారంలో ఆరేళ్లు కాషాయం కట్టినవాడు కదా, గొంతు బాగుంటుందని తున్ లిన్ పట్టుకున్నాడు."

వాడు ముందు ఒప్పుకోలేదనీ, "సయామ న్వే యిన్ వస్తే చెప్పిస్తా" అన్నాడనీ కూడా చెప్పాను. అది విని ఆమె బల్ల మీద కూర్చుంది. సంచీలోంచి బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి ఒక కాగితం నా ముందు పెట్టింది. పసుపెక్కిన పరీక్ష ఫారం. పైన ఫొటోలో పదహారేళ్ల సో పాయింగ్, ఎవరిదో పెద్ద చొక్కా తొడుక్కుని.

ఆ ఫారం పోయిన రోజు నా కళ్ల ముందుకొచ్చింది.

ఎనభై మూడు నవంబరు. పదో తరగతి పరీక్ష ఫారాలు పైకి పంపే రోజు. హెడ్మాస్టరు జాబితా చూసి, పద్నాలుగో నంబరు ఫారం లేదన్నాడు. "ఇచ్చాను సయామా, మీ చేతికే ఇచ్చాను" అన్నాడు సో పాయింగ్. "నా బల్ల మీంచి ఇంతవరకూ చిత్తుకాగితం కూడా పోలేదు. అబద్ధాలాడకు" అంది సయామ. వాళ్ల నాన్నని పిలిపించారు. రైలు పట్టాల పని చేసేవాడు, పని మధ్యలో వచ్చాడు. బడి ముందే, అందరూ చూస్తుండగా, గొడుగు కర్రతో కొట్టాడు. ఫారం గడువు దాటిపోయింది. వాడు మర్నాటి నుంచి బడికి రాలేదు. కొన్నాళ్లకి చేపల పడవల మీద పనికి దక్షిణానికి పోయాడని విన్నాం.

"ఏప్రిల్లో పట్టీ అట్ట చింపుతుంటే దొరికింది" అంది సయామ. "పట్టీకీ ఆ అట్టకీ మధ్య జారిపోయింది. అప్పటికి పరీక్ష అయిపోయింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకున్నాను. హెడ్మాస్టరు ఉన్నన్నాళ్లూ ఆయనకి భయపడ్డాను. తర్వాత ఎవరికి భయపడ్డానో నాకే తెలీదు. నువ్వు వాడికి ఇది ముందే ఇచ్చేయ్ న్యో. ఆదివారం వాడు నా ముందు మోకాళ్లు వంచి, తప్పు చేస్తే మన్నించమంటే, నేను ఆ కుర్చీలో ఎలా కూచోను?"

"నేనెందుకివ్వాలి? పోగొట్టింది మీరు. మీరే ఇవ్వండి."

"నోరు చూడు దీనిది!"

"ఆ నోరు అప్పుడుండాల్సింది సయామా" అన్నాను. అనేశాక ఇక ఆగలేదు. "వాడు మీకు ఫారం ఇవ్వడం నేను చూశాను. మొదటి బల్ల నాది. మీరు కళ్లజోడు తుడుచుకుంటూ పట్టీ మీద పెట్టమన్నారు. వాడు పెట్టాడు."

ఆమె నా మొహంలోకి చూసింది.

"మరి అడిగాను కదే! వీడు ఇవ్వడం ఎవరైనా చూశారా అని తరగతంతటినీ నిలబెట్టి అడిగాను కదా!"

"మీరడిగిన తీరుకి ఎవరు లేస్తారు?"

ఇద్దరం బుసలు కొట్టాం. ఆ కోపం ఎవరి మీదో ఇద్దరికీ తెలుసు. చివరికి సయామ ఫారం మళ్లీ డబ్బాలో పెట్టుకుంది. "జాకెట్టు శనివారానికి కావాలి" అని గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. చెబుతుందో చెప్పదో, అసలు వస్తుందో రాదో తేల్చలేదు. ఆ మూడు రోజులూ నాకు సూదిలోకి దారం ఎక్కితే ఒట్టు.

ఆదివారం ఆమె వచ్చింది. నేను కుట్టిన తెల్ల జాకెట్టు వేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, తన పేరున్న కుర్చీలో కూర్చుంది. హాలంతా చప్పట్లు కొట్టింది. తున్ లిన్ అయితే తన ఘనతే అన్నట్టు మైకులో రెండుసార్లు ప్రకటించాడు. ఆమె నవ్వలేదు.

సో పాయింగ్ ముందు చాప మీద, ఆమెకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాడు. ఎండకి కమిలిపోయిన మెడ, ఇంజను నూనె వదలని గోళ్లు. చూపు ఆమె మీదే. వాడి మొహంలో కోపం ఉందా లేదా అని వెతికాను, నాకేమీ దొరకలేదు. దానికే ఎక్కువ భయం వేసింది. వీడు మైకులో ఏమంటాడో, ఆమె గుండె ఆగిపోతుందేమో అనుకున్నాను.

వాడు చేతులు జోడించి మొదలుపెట్టాడు.

"ఒంటితో చేసిన తప్పులు..."

రెండొందల గొంతులు వెనక అన్నాయి.

"నోటితో..."

"ఆగు!"

పాత తరగతి గొంతు అది. ముప్పై నాలుగేళ్ల తర్వాత కూడా మా నడుములు వాటంతటవే నిటారుగా అయ్యాయి. సయామ లేచి నిలబడింది. డబ్బా మూత రాలేదు. పక్క కుర్చీలోని లెక్కల సయా చెయ్యి వేయబోతే తోసేసి తానే తీసింది.

"రోల్ నంబరు పద్నాలుగు" అంది.

సో పాయింగ్ గొంతు సవరించుకున్నాడు.

"ఉన్నాను సయామా."

"నువ్వు ఫారం నాకిచ్చావు. నా పట్టీ అట్టలో పడిపోయింది. ఏప్రిల్లో దొరికింది. దాచేశాను. ఇదిగో." కాగితం పైకెత్తి చూపించింది. "అబద్ధమాడింది నువ్వు కాదురా. నేను."

అంటూనే కుర్చీ చెయ్యి పట్టుకుని వాడి వైపు మోకాళ్లు వంచబోయింది. లెక్కల సయా ఆమె రెక్క పట్టుకుని, "ఏం చేస్తున్నారమ్మా! పెద్దవాళ్లు మొక్కితే వాడికి ఆయుక్షీణం!" అని అరిచాడు.

"మొక్కొద్దు సయామా" అన్నాడు సో పాయింగ్ మైకు పక్కన పెట్టి. "మీరు తర్వాతివాళ్లందరికీ చీటీలిచ్చారట కదా. నాకూ ఒకటి రాసివ్వండి."

"ఇస్తాను. ఇప్పుడే ఇస్తాను."

"ఇక్కడ కాదు. మా నాన్న ముందు."

తున్ లిన్ వంగుకుంటూ వచ్చి, "సో పాయింగ్, రెండొందలమంది మోకాళ్ల మీదున్నారయ్యా, సగం మందికి వాతం, ఈ మొక్కు కానిచ్చి..." అన్నాడు.

"కూర్చోమను. వచ్చాక చెప్పిస్తా" అన్నాడు వాడు.

బడి వెనక వీధిలోనే సో పాయింగ్ వాళ్ల ఇల్లు. సయామ నడవలేదని సైకిలు రిక్షా ఎక్కించాం. నా చెయ్యి వదలకపోతే నేనూ ఎక్కాను. సో పాయింగ్ పక్కనే నడిచాడు.

ముసలాయన వసారాలో వెదురు మంచం మీద ఉన్నాడు. ఎనభై నాలుగేళ్లు, చెవులు దాదాపు లేవు. సయామ మెల్లగా చెప్పింది. "ఆఁ?" అన్నాడు. గట్టిగా చెప్పింది. "ఎవరి పెళ్లి?" అన్నాడు. మూడోసారి ఆమె మంచం కోడు పట్టుకుని అరిచింది. "మీవాడు ఫారం ఇచ్చాడండీ! నేనే పోగొట్టాను! మీవాడు అబద్ధమాడలేదు!" ఎదురిళ్ల కిటికీలు తెరుచుకున్నాయి. తన పేరు మీద ఒక్క మరక పడనివ్వని మనిషి, వీధంతా వినేలా తన తప్పు అరుస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

ముసలాయన ఫారం కళ్లకి దగ్గరగా పెట్టుకుని ఫొటో చూశాడు.

"ఈ చొక్కా నాది" అన్నాడు. తర్వాత కొడుకు వైపు తిరిగాడు. "ఆవేళే ఈ మాట ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పాను నాన్నా."

వాడు గట్టిగా అనలేదు. అయినా ఆయనకి వినిపించింది. ఫారం గుండెల మీద పెట్టుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆయన భుజాలు కదులుతున్నాయి. సో పాయింగ్ మంచం పట్టీ మీద కూర్చుని ఆ వీపు మీద చెయ్యి వేశాడు.

సయామ నా సంచీలోని కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చించమంది. చీటీ రాసింది. రోల్ నంబరు పద్నాలుగు, సో పాయింగ్ నుంచి పరీక్ష ఫారం నాకు ముట్టింది. తేదీ దగ్గర ఆగి, ఎనభై మూడు నవంబరు నాటిదే వేసింది. సంతకం పెట్టింది. ఒక్క కొట్టివేత లేదు. వాడు రెండుసార్లు చదువుకుని, చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బడి గేటు దగ్గర సయామని లెక్కల సయా లోపలికి తీసుకెళ్లాడు. వాడూ నేనూ వెనకబడ్డాం. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలుసు.

"సో పాయింగ్, ఆవేళ నేను..."

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"ఎవరైనా చూశారా అని సయామ అడిగినప్పుడు నేను నీవైపే చూశాను. నువ్వు తల దించుకున్నావు."

అంతే అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. చెప్పులు విడిచి లోపలికి వెళ్లిపోయాడు.

తున్ లిన్ అందరినీ మళ్లీ మోకాళ్ల మీదికి తెచ్చేసరికి మొహింగా చల్లారిపోయింది. నాకు సో పాయింగ్ వెనకే చోటు దొరికింది. వాడు మైకు అందుకుని, "మొదటి నుంచి" అన్నాడు. సయామ కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు తుడుచుకోకుండా వాడినే చూస్తోంది.

"ఒంటితో చేసిన తప్పులు..."

అన్నాం.

"నోటితో చేసిన తప్పులు..."

అందరూ అన్నారు. నేను అనలేకపోయాను. అనాల్సినప్పుడు అనని మాట కూడా ఆ లెక్కలోకే వస్తుందని యాభయ్యేళ్లు వచ్చాక తెలిసింది నాకు. మొక్కే వేళ అందరి తలలూ వేదిక వైపు వంగాయి. వాడి తల కూడా సయామ వైపే వంగింది. నేను మాత్రం మూడుసార్లూ నా ముందున్న వాడి వీపుకే మొక్కాను. ఇద్దరం ఒకే ఈడువాళ్లం. వాడికి ఆయుష్షు తగ్గే భయం లేదు.