ఆధారం లేని బస్సు

జహీరాబాద్‌లో మేం సరుకులు కొనే దుకాణదారుకు ఈ పిచ్చి అంటించిన పాపం నాదే. మా ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీకి వెళ్లాక నేను ఫోన్లో ఒక ఆన్‌లైన్ కోర్సు చూస్తుండేదాన్ని. పైసా ఆశించకుండా అందరూ కలిసి నెట్‌లో రాసే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, దానికి కొత్తగా రాసేవాళ్లను తయారుచేసే కోర్సు. ఎవరైనా చేరొచ్చు. ఈ మాట చెప్పగానే దుకాణదారు తూకం ఆపి, అందులో తన ఊరుందేమో చూడమన్నాడు.

ఉంది. న్యాల్‌కల్ దాటాక కర్ణాటక సరిహద్దును ఆనుకున్న చిన్న ఊరు. ఉన్నదే రెండు మూడు వాక్యాలు. చివరిది, "ఈ గ్రామానికి బస్సు సౌకర్యం లేదు."

"లేకుంటెట్ల మేడం? పొద్దుగాల మా అమ్మ గా బస్సులనే దవాఖానకొచ్చింది" అన్నాడు.

ఆ బస్సు కోసం ఊరివాళ్లు ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో అల్లం తూస్తూనే చెప్పాడు. మోకాళ్లు అరిగిపోయిన వాళ్లమ్మ అది వచ్చాకే ఎవరినీ బతిమాలకుండా ఒంటరిగా పట్నం రాగలుగుతోందట. ఆ ఒక్క వాక్యం మార్చడానికే కోర్సులో చేరాడు.

మూడో పాఠం దగ్గర చిక్కొచ్చింది. మీరు కళ్లారా చూసిన సంగతిని వ్యాసంలో రాయవచ్చా అని ప్రశ్న. వచ్చు అని నొక్కాడు. తప్పు. మళ్లీ అదే నొక్కాడు, మళ్లీ తప్పు. తన ఫోను పాడైందేమోనని నా ఫోన్లో నొక్కాడు, నా మార్కులూ పోయాయి. మనం చూసింది పనికిరాదు, ఎవరో అచ్చువేసింది కావాలని పంతులమ్మలా వివరించాను. నాకప్పటికే కోర్సు నెత్తికెక్కింది.

ఆయన వింటేగా. వాక్యం మార్చేశాడు. కొత్తవాళ్ల రాతలు సరిచూసే సమీక్షకుడు, ఏ ఊరివాడో తెలియదు, ఆధారం లేదంటూ మర్యాదగా తీసేశాడు. బస్సు ముందు అమ్మను నిలబెట్టి ఫొటో పెడితే, అది ఏ ఊరి బస్సో ఎలా తెలుస్తుందన్నాడు. డ్రైవర్ చేత తెల్లకాగితం మీద సంతకం చేయించి పెట్టాడు, అదీ చెల్లదు. చివరికి సాక్ష్యానికి నన్ను ఎక్కించాడు. లేని బస్సులో కిటికీ పక్కన కూర్చుని, లేని బస్సు కుదుపులకు ఉన్న నడుం కాస్తా పట్టేయించుకుని వచ్చాను. వచ్చి, నేను చూసినా చెల్లదనే చెప్పాను. ఆ కోపానికి వారం పాటు నాకు కుళ్లిన అల్లమే కట్టాడు.

పేపర్లో వస్తే చాలని నేననడంతో, తనకు తెలిసిన విలేకరిని పట్టుకున్నాడు. బస్సు రావడం వార్త కాదు పొమ్మన్నాడట.

తర్వాత పెద్ద వాన పడింది. ఆ ఊరి దారిలో కల్వర్టు కొట్టుకుపోయింది. మర్నాడు జిల్లా పేజీలో ఊరి పేరు కనబడగానే నా సంబరం చెప్పలేను, పేపరు పట్టుకుని దుకాణానికి పరుగెత్తాను. "ఏడాదిగా నడుస్తున్న బస్సు నిలిచిపోయింది" అని అచ్చులో ఉంది. బస్సు నడిచిందనడానికి ఇంతకన్నా ఆధారం ఏం కావాలి? ఆయన చదివి, మడిచి, గల్లాపెట్టె మీద పెట్టాడు.

నేనే ఫోను తీసి, బస్సు నడిచేదనీ కల్వర్టు పోయి ఆగిందనీ రాసి, పేపరు పేరు జోడించాను. కాసేపటికే సమీక్షకుడు ఒప్పుకున్నాడు. ఆధారం చాలా బాగుందని మెచ్చుకున్నాడు కూడా. ఆ మెప్పు నేను చదివి వినిపిస్తుంటే దుకాణదారు షట్టర్ దించుతున్నాడు.

"గా సారుకు జవాబు మీరే రాయున్రి మేడం. అమ్మ దవాఖానకు పోవాలె, కల్వర్టు అవతల నిలబడ్డది. పోయి ఎత్తుకొస్త."