నాలుగు చొక్కాల దూరం

విమానం టిక్కెట్లు అమ్ముతూనే తల నెరిసింది గానీ, ఏ ఊరికి ఎంతసేపు పడుతుందో గంటల్లో చెప్పిన పాపాన పోలేదు బాబాయి. ఎవరైనా అడగడం ఆలస్యం, "తమరేం చేస్తుంటారు?" అని ఎదురు ప్రశ్న వేసేవాడు.

క్షౌరశాల ఆయనకి ఇలా లెక్క చెప్పాడు: "ఇరవై తలలండీ. సముద్రం మీద మాత్రం రెండు చంటిపిల్లల తలలు. కాస్త కదులుతాయి. మీకేం కొత్తా?"

వకీలు గారికి, "ఒక కేసు వాదించినంతసేపు" అన్నాడు.

"ఏ కేసు?"

"గెలిచేదే లెండి. ఓడిపోయేవి మీరు తొందరగానే తేల్చేస్తారుగా!"

వకీలు నవ్వాలో కోప్పడాలో తోచక, రానూపోనూ టిక్కెట్టు తీసేసుకున్నాడు.

పక్కన కూర్చుని టిక్కెట్లు అచ్చు తీసే అన్నకూతురికి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

"గంటలూ కిలోమీటర్లూ అన్నీ కంప్యూటర్లో ఉన్నాయి కదా బాబాయ్! చదివి చెప్తే నోరు అరుగుతుందా?"

"విమానం ఎక్కేది కంప్యూటరా?" అనేవాడు బాబాయి, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఒకరోజు ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు ఎదురు షాపు టైలరమ్మ వచ్చింది. మర్నాడే ఆమె ప్రయాణం. ఎక్కడో దూరదేశంలో ఉన్న అక్కకి గుండె ఆపరేషన్. చెల్లెలు కళ్ళబడితే గానీ బల్ల ఎక్కనని ఆ అక్క భీష్మించుకుంది. టైలరమ్మేమో బస్సు తప్ప మరొకటి ఎరగదు.

"గాల్లో ఎంతసేపే తల్లీ?"

ఇన్నాళ్ళకి చిక్కిన అవకాశం! అన్నకూతురు గడగడా చదివేసింది. "పదకొండు వేల కిలోమీటర్లు. పదమూడు గంటలు. మధ్యలో ఎక్కడా ఆగదు."

"ఎక్కడా ఆగదా?" టైలరమ్మ ముఖం పాలిపోయింది. "నావల్ల కాదు. ఆ టిక్కెట్టు కాన్సిల్ చేసెయ్. అక్కకి నేనే ఏదో సర్దిచెప్పుకుంటాను."

కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. అప్పుడే వచ్చిన బాబాయి సంగతి విని, చేతిలో టీ గ్లాసుతోనే రోడ్డు దాటాడు. వెనకాలే అన్నకూతురు.

"చెల్లెమ్మా, నిన్న పొద్దున్నించీ రాత్రిదాకా ఎన్ని చొక్కాలు కుట్టావ్?"

"నాలుగు."

"మధ్యలో లేచావా?"

"అన్నానికి లేచాను."

"అక్కడ దానికీ లేవక్కర్లేదు. కూర్చున్న చోటికే తెస్తారు. నాలుగు చొక్కాలు, అంతే దూరం."

"కుదుపులుంటాయటగా?"

"నీ మిషన్ కంటేనా?"

టైలరమ్మ పెదవి కొసన నవ్వొచ్చి, అంతలోనే ఆగింది. "దారం తెగితేనో అన్నయ్యా?"

"ముందు సీట్లలో ఇద్దరు టైలర్లుంటారు చెల్లెమ్మా. ఒకరు కుడుతుంటే ఒకరు కనిపెట్టి ఉంటారు."

తిరిగొస్తూ అన్నకూతురు నెమ్మదిగా అడిగింది. "అందరినీ పనేమిటని అడిగేది ఇందుకా బాబాయ్?"

"చూడు, నీ మూలాన టీ చల్లారిపోయింది" అన్నాడాయన.

టైలరమ్మ వెళ్ళిన మూడోనాడు ఫోన్ మోగింది. బాబాయి బేరంలో ఉన్నాడు. అన్నకూతురే తీసింది.

"మీ బాబాయి మోసం చేశాడే! మూడో చొక్కాకి కాలరన్నా పెట్టకుండానే నిద్రపట్టేసింది. కళ్ళు తెరిచేసరికి దింపేశారు." అంతలో గొంతు సన్నబడింది. "అక్క నన్ను చూసి నవ్వింది. ఇప్పుడే లోపలికి తీసుకెళ్ళారు. మూడు గంటలట తల్లీ..."

అన్నకూతురు ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"ఒక్క చొక్కాయే కదత్తా."

 అటువైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు.

"పొడుగు చేతులదా?"

"ఊహూ. పొట్టి చేతులదే."