మూడో అంతస్తులో ఒక రగ్బీ సీజను

మా అత్తగారు పోయారు. మే నెలలో ఒక పొద్దున ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ ఇంక లేదు" అన్నాడు. అప్పుడు నేను ఆవిడ కోసమే రాగిజావ కాస్తున్నాను. ఫోన్ పెట్టేశాక కూడా గరిటె తిప్పుతూనే ఉన్నాను. ఉండ కడితే ఆవిడ తాగరు. ఎంతసేపు తిప్పానో తెలియదు. ఇప్పటికీ అలాగే ఉంది నా పని. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. ఈ నాలుగు మాటలు రాయడానికి కూడా ఎన్నిసార్లు లేచి కిటికీ దాకా వెళ్ళొచ్చానో.

ఆవిడ తగరపువలస అవతల ఒక రైతుల ఇంట పుట్టి, పోర్టులో పనిచేసే మా మావగారిని చేసుకుని రేవు పక్కనున్న వన్ టౌన్‌కి వచ్చారు. మా పుట్టింటివాళ్ళు కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి స్థిరపడినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ మాట నాకు సగమే అర్థమయ్యేది, నా మాట ఆవిడకు పూర్తిగా అర్థమయ్యేది కానీ నచ్చేది కాదు. "నీ మాట పేపరు సదివినట్టుంటాదే" అనేవారు. ఇద్దరం ఒకరినొకరు సహించుకున్నాం అని చాలా ఏళ్ళు అనుకున్నాను. సహించుకోవడమేనా, ఇంకేమైనా ఉందా అని ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఆవిడ కూర్చునే మనిషి కాదు. పొద్దున్నే సంచీ పట్టుకుని దిగారంటే ఎండెక్కాకగానీ ఇల్లు చేరేవారు కాదు. చేపలకి హార్బరు దాకా నడిచేవారు, అక్కడ బేరం కుదరకపోతే ఒట్టి సంచీతో వెనక్కి నడిచేవారు, దారిలో పరిచయమున్న ప్రతి గుమ్మం దగ్గరా ఆగి ఇంట్లోవాళ్ళ ఆరోగ్యాలు కనుక్కునేవారు. అలాంటి మనిషికి కిందటేడు దసరా వెళ్ళాక గుండెలో ఒక కవాటం మూసుకుపోతోందన్నారు డాక్టర్లు. మెట్లు ఎక్కకూడదు, దిగకూడదు. మాది పాతకాలం మేడ. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కింద పప్పుల హోల్‌సేల్ కొట్టు. ఆవిడ పైనే ఉండిపోయారు.

"లిఫ్టున్న ఇల్లు చూస్తానమ్మా" అన్నాడు మా ఆయన.

"లిఫ్టులో దిగితే పప్పు బస్తా దిగినట్టుంటాది. మనిసి దిగినట్టుంటాదేటిరా?"

ఇక రగ్బీ సంగతి. డిసెంబరులో ఒక శనివారం సాయంత్రం సీరియల్ పెట్టబోతే చేత్తో వద్దన్నారు. "ఆళ్ళూ కూకునే ఉంటారు, నానూ కూకునే ఉన్నాను. ఇంకేటి సూడ్డం?" రిమోట్ తీసుకుని నొక్కుకుంటూ పోయి ఒకచోట ఆగారు. వాన, బురద, దున్నపోతుల్లాంటి మగవాళ్ళు. ఐరోపా దేశాల క్లబ్బులు ఆడే రగ్బీ టోర్నీ అది. డిసెంబరులో మొదలై మేలో ఫైనల్‌తో ముగుస్తుంది. మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎవరూ ఎరగరు. చానెల్ మార్చమనబోతుంటే, మైదానం వెనకాల ఊరు చూపించాడు కెమెరామన్. ఫ్రాన్సులో ఒక పాత రేవు పట్నం. ఓడలు, వాటి మీద వంగిన క్రేన్లు.

"క్రేన్లున్నాయే! అయితే ఆళ్ళు మనోళ్ళే" అన్నారు అత్తగారు.

అంతే. ఎర్రచొక్కాల ఆ రేవు జట్టు మా ఇంటి జట్టయిపోయింది. జట్టు ఎంచుకోవడానికి నాకైతే ఆ సీజనంతా పట్టేది.

ఆట నియమాలు నేను ఫోన్లో చదివి చెప్పేదాన్ని. బంతిని చేత్తో ముందుకి విసరకూడదు, పక్కకో వెనక్కో మాత్రమే విసరాలి అని చెబితే ఆవిడ కళ్ళు పెద్దవి చేశారు. "ముందుకెల్డానికి ఎనక్కి ఇసరాలా? ఎవుడు పెట్టేడే ఈ రూలు? మనింటి యవ్వారం నాగున్నాది." అయినా రెండు వారాలకే తప్పు జరిగితే రిఫరీ కన్నా ముందు ఆవిడే విజిల్ వేసినట్టు నాలుక చప్పరించేవారు. మావాళ్ళు అవతలివాళ్ళ చివరి గీత దాటి బంతిని నేలకి తాకిస్తే ఆవిడ పెట్టే కేకకి కింద కొట్టు ఆయన మెట్ల దగ్గరికొచ్చి అడిగేవాడు.

"పెద్దమ్మా! కోడలితో దెబ్బలాటేటి?"

"నేదురా, ఇంగ్లీసోళ్ళతో!"

"గెలుత్తన్నావా?"

"సూద్దూగాని పైకి రా!"

ఆయన ఎప్పుడూ రాలేదు. మూడు అంతస్తులు ఆయనకీ బరువే.

జనవరిలో మావాళ్ళు వేరే ఊరు వెళ్ళి ఆడారు. ఎర్రచొక్కాలని చూసి ఇద్దరం మొదటి సగమంతా ఉత్సాహంగా చప్పట్లు కొట్టాం. ఎర్రచొక్కాలు మూడుసార్లు గీత దాటాయి. నాకెందుకో అనుమానంగా ఉంది. మావాళ్ళ నున్నగుండు కెప్టెన్ ఏడి? విరామంలో ఫోన్ చూస్తే తేలింది. ఆ ఊరివాళ్ళది కూడా ఎరుపే. రంగులు కలిసిపోతాయని మావాళ్ళు ఆ రోజు తెల్లచొక్కాలు వేసుకున్నారు. ఇంతసేపూ మేం శత్రువులకి కొమ్ము కాశాం.

నేను తల పట్టుకున్నాను. ఆవిడ మాత్రం తాపీగా, "కొట్టీసిన సప్పట్లు ఎనక్కి తీసుకుంటామేటి? ఆళ్ళకి సగం, మనోళ్ళకి సగం. కానీ" అని, రెండో సగం తెల్లచొక్కాలకి గొంతు పోయేలా అరిచారు. ఓడిపోయాం. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన ఎంత ఏడిపించినా ఆవిడ నవ్వుతూనే ఉన్నారు.

ఆవిడకి అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం పరుగు కాదు. అవతలివాళ్ళు తప్పు చేస్తే రిఫరీ కెప్టెన్‌ని పిలిచి ఏం చేస్తావని అడుగుతాడు. బంతిని గోలు కర్రల మధ్యనుంచి తంతే మూడు పాయింట్లు, దాదాపు ఖాయం. లేదంటే బంతిని దూరంగా మూలకి తన్ని, అక్కడినుంచి పోరాడి గీత దాటితే అంతకన్నా ఎక్కువ, దాటకపోతే ఏమీ రాదు. గోలుకని ఒకసారి చెప్పాక మాట మార్చుకోవడానికి లేదు. ఆ క్షణం వచ్చిందంటే ఆవిడ సోఫాలో ముందుకి జరిగేవారు.

"అడుగుతన్నాడు, అడుగుతన్నాడు! నువ్వైతే ఏటి సెప్తావే?"

"టైమెంత ఉందో చూడాలి అత్తయ్యా. గాలి ఎటుందో..."

"నువ్వు సూత్తండు. ఈలోగా ఆట అయిపోద్ది."

మిగతావి గెలిచి మావాళ్ళు ఏప్రిల్‌లో క్వార్టర్ ఫైనల్ చేరారు. చివరి నిమిషాల్లో మావాళ్ళు మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. తప్పు దొరికింది, అదీ కర్రల ఎదురుగా. తంతే సమానం. కెప్టెన్ మూల చూపించాడు. అక్కడ అందరూ ఒకరినొకరు పట్టుకుని ఒకే ముద్దగా నెట్టుకుంటూ గీత దాటేశారు. "గడ్డిమేటు నడిసొచ్చినట్టొచ్చీసినారే!" అని ఆవిడ ఎగిరి లేచి, వెంటనే ఊపిరందక సోఫా అంచు పట్టుకున్నారు. పెదాలు నీలంగా అయ్యాయి. మా ఆయన టీవీ కట్టేశాడు. ఆవిడ కూర్చుని, ఊపిరి కూడదీసుకుని, "ఎయ్యరా" అన్నారు.

ఆ తర్వాతే మళ్ళీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, కొట్టు దగ్గర బస్తాలు మోసే ఇద్దరు మనుషులు కిందికి దించారు. దారంతా ఆవిడ కళ్ళు మూసుకునే ఉన్నారు. డాక్టర్ దాపరికం లేకుండా చెప్పారు. మందులతో కొంతకాలం నెట్టుకురావచ్చు, మెట్ల సంగతి మాత్రం మర్చిపోవాలి. ఆపరేషన్ చేస్తే నడవగలుగుతారు. కానీ ఈ వయసు, ఈ సుగరు, ప్రాణానికే ప్రమాదం ఉంది. ఆలోచించుకుని చెప్పండి అన్నారు.

"మందులే వాడదామమ్మా. మా కళ్ళ ముందుంటావు" అన్నాడు మా ఆయన.

"ఉంటాను. కదలని బీరువా నాగ." నా వైపు తిరిగారు. "నువ్వేటి సెప్తావే?"

నేనేం చెప్పాను? ఇంకో డాక్టర్ని కూడా అడుగుదాం అన్నాను. రెండువైపులా ఆలోచించాలి అన్నాను. ఆవిడ నవ్వి డాక్టర్ వైపు తిరిగి, "మూలకేనయ్యా" అన్నారు. ఆయనకి అర్థం కాలేదు. మా ఆయన అర్థమయ్యీ చేతిలో రిపోర్టులు సర్దుకుంటున్నాడు. ఆవిడ నన్నే చూస్తున్నారు.

"ఆపరేషనే చేయించుకుంటానంటున్నారండి" అన్నాను.

ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

ఆపరేషన్‌కి ముందు శనివారం సెమీఫైనల్. మళ్ళీ అదే తీరు. చివర్లో మూడు పాయింట్ల వెనక, మళ్ళీ తప్పు దొరికింది, ఆ కెప్టెన్ మళ్ళీ మూలే చూపించాడు. ఈసారి బంతి అవతలివాళ్ళు లాక్కున్నారు. ఆట అయిపోయింది. మావాళ్ళు ఒకరి భుజం మీద ఒకరు తల వాల్చి బురదలో నిలబడ్డారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని, గొంతు తగ్గించి అన్నాను.

"అత్తయ్యా, ఇంకా టైముంది. వద్దనుకుంటే డాక్టర్ గారికి ఫోన్ చేసి చెబుతాను."

"ఏం? ఆళ్ళు ఓడిపోనారనా?"

"అందుకని కాదు..."

"అందుకే. ఓడిపోనంత మాత్తరాన మూలకి తన్నడం తప్పయిపోద్దేటే, పిచ్చి మొకమా? మూడు తన్నుకుంటే గెలిసీవోరని ఎవుడు సెప్పేడు నీకు?" చెయ్యి విడిపించుకుని నా జడ ఒకసారి లాగారు. "నాను మెట్లు దిగాల. నా కాళ్ళతో. అంతే."

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు రోజులకి మాట్లాడారు, ఆ తర్వాత నడిచారు కూడా. ఇంక ఇంటికి పంపేస్తామంటున్న సమయంలో జ్వరం తగిలింది, ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. ఇలా కావచ్చని వాళ్ళు ముందే చెప్పారు కూడా.

కర్మకాండ అయిపోయాక ఒక మధ్యాహ్నం మా ఆయన, ఎక్కడో చూస్తూ, "ఆవేళ డాక్టర్ దగ్గర నువ్వు కాసేపు ఊరుకుని ఉంటే..." అని ఆగిపోయాడు. కోపంగా అనలేదు. తర్వాత తనే వచ్చి, "నేనలా అనుకోలేదు, వదిలెయ్" అన్నాడు. అనుకునే ఉంటాడు. నేనూ అనుకుంటున్నాను కదా. నేను ఊరుకుని ఉంటే ఆవిడే విడమరిచి చెప్పేవారా, లేక ఆ కాసేపట్లో ఎవరి మనసైనా మారేదా? మందులే వాడి ఉంటే ఈ వేసంగి అంతా సోఫాలో ఉండేవారు. ఉండి ఏం చూసేవారు? ఒకరోజు ఒక జవాబు తోస్తుంది, మర్నాటికి అది నిలవదు. ఫైనల్ రోజు టీవీ పెట్టాను. మావాళ్ళు లేని ఆట, అయినా పెట్టాను. కూర్చోలేక గుమ్మంలో నిలబడి చూశాను. రిఫరీ కెప్టెన్‌ని పిలిచి అడుగుతుంటే వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇవన్నీ పోగా నాకు మిగిలింది ఆస్పత్రి వరండాలో ఒక సాయంత్రం. ఆపరేషన్ తర్వాత ఆవిడ రెండోసారో మూడోసారో నడుస్తున్నారు. మంచినీళ్ళ ఫిల్టర్ దాకా వెళ్ళి తిరిగి రావాలని నర్సమ్మ చెప్పింది. నా మోచెయ్యి పట్టుకుని అక్కడిదాకా వచ్చారు, ఆగారు. నేను వెనక్కి తిరిగాను. ఆవిడ తిరగలేదు. నా మోచెయ్యి వదిలేశారు. "అమ్మా, అక్కడితో చాలమ్మా!" అని నర్సమ్మ వెనకనుంచి పిలుస్తోంది. ఆస్పత్రివాళ్ళ పచ్చగౌను ఆవిడకి పొడుగు. సముద్రంలోకి దిగేటప్పుడు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నట్టు ఆ గౌను అంచు ఒక చేత్తో పైకి పట్టుకుని, వరండా చివర వెలుగున్న కిటికీ వైపు, ఒక్కొక్క పాదమే పూర్తిగా నేలకి ఆన్చుకుంటూ, అలా నడిచి వెళుతున్నారు.