మేమే ఆపిన రైలు

జనగామ బ్యాంకుల నేను క్యాషు కౌంటర్ల కూసునేదాన్ని. ఆ పిలగాడు కొత్తగ లోన్ల ఆఫీసరుగ వచ్చిండు. మహబూబాబాద్ అవతల లంబాడి తండా వాళ్లది. జనగామల రూము తీసుకొని ఉండి, ప్రతి శనివారం రైలెక్కి ఇంటికి పోయేటోడు. ఇస్త్రీ అంగి నలగనియ్యడు, నోట్లకెల్లి మాట రానియ్యడు. కొత్తోళ్ల గురించి హెడ్డాఫీసు పత్రికల అర పేజీ వేస్తరు. వాళ్లకేం ఇష్టం, ఎవల్ని చూసి ఇంత దాక వచ్చిండ్రు, గదంత రాయాలె. మేనేజరు గా పని తీస్కచ్చి నా నెత్తిన పెట్టిండు.

పగటీలి బువ్వ తినేటప్పుడు అడిగిన. "క్రికెట్ అక్క. పుస్తకాలు సదువుత" అన్నడు. ఆదర్శం ఎవలంటే ఏదో పెద్ద కంపెనీ ఓనరు పేరు చెప్పిండు. నాకు ఒళ్లు మండింది.

"ఓ తమ్మి, గీ ముచ్చట ప్రతోడు చెప్తడు. ఇంటర్వ్యూల చెప్పింది నాకు చెప్పకు. ఇంట్ల ఉన్నప్పుడు ఏం చేస్తవో గది చెప్పు" అన్న.

బువ్వల పప్పు కలుపుకున్నడు. తర్వాత మెల్లగ, "నవ్వద్దు మరి. మా నాయినమ్మ ఏడుపు పాట కోసం తిరుగుతున్న" అన్నడు.

నవ్విన. నవ్వక ఏం జేస్త?

వాళ్ల తండాల ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు ఒక్కొక్కల మెడ పట్టుకొని, పాడుకుంట ఏడుస్తదట. దాన్ని ఢావ్లో అంటరట. ముసలోళ్లు పిల్లలకు నేర్పాలె. వీళ్ల నాయినమ్మ పాడే పాట ఇంకెవలకూ పూర్తిగ రాదు. దాన్ని ఫోన్ల రికార్డు చేసుకోవాలని వీని పాణం కొట్టుకుంటున్నది. ముసలామె ససేమిరా అంటది. ఎవలూ పోకుండ ఉత్తగ పాడితే ఇంటికి మంచిది కాదట. "ఎవలు పోతుండ్రురా? ఎవల మెడ పట్టుకోవాలె?" అని గెదుముతదట. ఆ ఇంట్ల పెండ్లి చేసి తోలేటందుకు ఆడపిల్ల గూడ లేకపాయె.

"మరి ఆదర్శం?"

"ఆమెనే అక్క. మా బాపు సచ్చిపోయినంక కూలికి పోయి నన్ను సదివిచ్చింది. ఉత్తగ ఒక్కనాడు ఏడ్వలే. ఏడుపంత గా పాటలనే."

నేను గదే రాసి పంపిన. అచ్చుల మాత్రం "సంగీతం వినుట" అని వచ్చింది. వాళ్ల మొకాలు మండ!

వానలు ఎనకపట్టే యాళ్లకు తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. బడులు బంద్, బస్సులు బంద్, భూపాలపల్లి దిక్కు బొగ్గుబాయిలు బంద్. బొగ్గు లేక కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో. గప్పుడే వీనికి భూపాలపల్లికి బదిలీ ఆర్డరొచ్చింది. రైలు లేని ఊరు అది. ఇగ వారంవారం ఇంటికి పోవుడు కుదరదు. ఆ ముచ్చట ఇని ముసలామె మనసు మెత్తవడ్డది. "మొగపిల్లగానివైతేంది, దూరం పోతున్నవ్ గదా. వచ్చి పో. నీ మెడ పట్టుకొని పాడుత" అని వాళ్లమ్మతోని ఫోన్ చేయించింది. వాడు గంత సంబురపడుడు నేనెన్నడు చూడలే.

వాడు ఇంటికి పోవాల్సిన దినానికి మర్నాడు రైలు రోకో అనుకున్నరు. అందుకే వాడు ఆ పొద్దుగాలనే సంచి పట్టుకొని స్టేషనుకు పోయిండు. కానీ జనగామోళ్లు ఆగుతరా! ఒకదినం ముందుగాలనే పట్టాల మీద కూసున్నరు. అండ్ల నేను గూడ ఉన్న. బండి స్టేషను బయట ఆగిపోయింది.

వాణ్ని ప్లాట్‌ఫారం మీద చూసి పట్టాల మీదికెల్లే పిలిచిన. "పెద్దమనుషులను అడుగుత, ఈ ఒక్క బండి ఇడిచిపెడ్తరు" అన్న.

"వద్దక్క. నా ఒక్కని కోసం ఇడిస్తే ఇగ రోకో ఎందుకు?" అని దిగొచ్చి నా పక్కపొంటి కూసున్నడు. హైదరాబాదుల కోచింగుల వీని తెలంగాణ మాటను ఎక్కిరిచ్చిండ్రట. ఆ మంట వాని కడుపుల ఉండె.

పట్టాల మీదనే పొయ్యి పెట్టి అన్నం వండినం. వాడు అందరికి వడ్డించిండు. నడుమ నడుమ వాళ్లమ్మకు ఫోన్ చేసిండు. తండాల కరెంటు లేదు, చార్జింగు లేదు, ఫోను బందున్నది. పొద్దు గూకేదాక బండి కదల్లే.

తెల్లారి ఎవలదో మోటరుసైకిలు మీద పడుకుంట లేసుకుంట తండాకు పోయిండు. ఏం లాభం? ముసలామె ముందుదినం పొద్దంత గడపల కూసొని చూసిందట. వీడు ఇటు రాకుండ సక్కగ భూపాలపల్లికే పోయిండు అనుకున్నదట. మాపటికి కోడలు మెడ పట్టుకొని పాట మొదట్నుంచి కడదాక పాడింది. వీడు పోయి కాళ్ల మీద పడ్డా మళ్ల పాడలే. "పోయినోని మీద రెండోసారి ఏడిస్తే సావు ఏడుపైతది బిడ్డా, నాతోని గా పని చేయించకు" అని అన్నం పెట్టి తోలింది.

చలికాలం ఎల్లకముందే ఆమె పోయింది.

తెలంగాణ వచ్చిన నాడు జనగామ చౌరస్తల రంగులు, డప్పులు, మిఠాయిలు. నేను ఉండవట్టక భూపాలపల్లికి ఫోన్ చేసిన. అటు గూడ డప్పులే. మాటల్ల పాట సంగతి అడిగిన. మీ అమ్మ ఇన్నది గదా, ఆమెకన్న యాదికున్నదా అని.

"మొదటి రెండు ముక్కలే యాదికున్నయంట అక్క. ఆమె గూడ ఏడ్చుడు మొదలుపెట్టిందట. ఇగ మిగిలింది సక్కగ ఇనలేదు."

మళ్ల వాడే అన్నడు.

"మళ్ల పట్టాల మీద కూసోమంటే కూసుంట అక్క. కానీ గా బండి ఆగకపోతే మంచిగుండు."